వెనుక చక్రములో చప్పుడు

సంసారము నడుపు స్త్రీకి చెవులు రెండవ జత కన్నులు. పొయ్యిమీది పాలు పొంగబోవుచున్నవనియు, పెరటి కుళాయి సరిగా కట్టలేదనియు, పసిబిడ్డ నిద్రలో దగ్గుచున్నాడనియు ఆమెకు కన్నులకంటె ముందుగా చెవులే చెప్పును. రుబ్బురోలిలో పప్పు మెదిగినదో లేదో పొత్రము చప్పుడును బట్టి చెప్పగల పెద్దలు మన యిండ్లలో ఇప్పటికిని కలరు. ఇంతటి చెవిగల మనము మోటారుకారులో కూర్చుండగానే ఆ చెవిని ఇంటివద్ద వదలివచ్చినట్లు ప్రవర్తింతుము. కారు చప్పుడు మగవారి విషయమనియో, మేస్త్రీ విషయమనియో తలచి ఊరకుందుము. ఆ ఊరకుండుటవలన ఎంత అపాయము రాదగునో మేము గడచిన వైశాఖమాసములో స్వయముగా ఎఱిగితిమి. ఆ సంగతి చెప్పి, దానివలన నేర్చుకొన్న నాలుగు మాటలను సోదరీమణుల యెదుట నుంచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

అత్తగారి మాట

రాజమహేంద్రవరమునుండి అన్నవరమునకు సత్యనారాయణస్వామి వ్రతమునకై ఉదయముననే బయలుదేరితిమి. మావారు ఉద్యోగరీత్యా పొరుగూర నుండుటచే కారు నడుపుట మా వంతైనది. ప్రక్కన పదునొకండేండ్ల మా అమ్మాయి, వెనుక ఎడమవైపున మా అత్తగారు, ఆమె ప్రక్కన ఆరేండ్ల పిల్లవాడు కూర్చుండిరి. కారు చిన్నది, అయిదేండ్లనుండి మా యింట నున్నది. టైర్లు నాలుగును ఒకే తీరున అరుగవలెనని రెండు దినములకు ముందే ముందు చక్రములను వెనుకకును, వెనుక చక్రములను ముందుకును మార్పించి యుంటిమి. అందుచేత బండి మంచి స్థితిలో నున్నదని మాకు గట్టి నమ్మకము.

ఊరు దాటి రహదారిమీద కొంతదూరము పోయిన పిమ్మట అత్తగారు ముందుకు వంగి, "అమ్మాయీ! నా కాళ్ళక్రింద ఏదో కొట్టుకుంటున్నదే" అనిరి.

"రోడ్డు గతుకులండీ అత్తయ్యగారూ" అంటిమి.

"గతుకైతే ఆగి ఆగి కొడుతుంది. ఇది వరుసగా కొడుతున్నది. మా పుట్టింట ఎడ్లబండికి కడచీల వదులైతే అచ్చం ఇలాగే చప్పుడయ్యేది" అని ఆమె మరల అనిరి.

మాకు ముహూర్తముమీద ధ్యాస. కారులో చల్లగాలి యంత్రము తిరుగుచుండెను. పిల్లవాడు పాటలు పెట్టుకొని యుండెను. ఎడ్లబండికిని మోటారుకారునకును పోలిక యేమని లోలోపల నవ్వుకొంటిమి గాని, పెద్దవారి మాట తీసివేయలేక పాటలను, గాలిని ఆపి అద్దములు దింపితిమి. అప్పుడు వినబడినది. ఎడమవైపు వెనుక చక్రమునొద్ద "టక్, టక్, టక్" మని యొక చప్పుడు. వేగము తగ్గించినచో అదియు నెమ్మదించెను. పెంచినచో అదియు వడి యయ్యెను.

మొదటి పొరపాటు

దారిలో పెట్రోలు బంకు కనబడగా లోనికి పోయి ఆపితిమి. ఇట్టి చప్పుడునకు మొదట వెదకవలసినది డిక్కీ అని మేము వినియుంటిమి. వ్రతసామగ్రి అంతయు దింపి చూడగా జాకీ త్రిప్పు ఇనుపకడ్డీ తన స్థానమునుండి జాఱి, స్టెప్నీకి తగులుచుండెను. దొంగ దొరకినాడని సంతోషించి, కడ్డీకి పాత తువాలు చుట్టి బిగించి, మరల బయలుదేరితిమి. ఒక మైలు పోకమునుపే "టక్, టక్" మని మొదలైనది.

ఇక్కడ మేము చేసిన పొరపాటును చెప్పవలెను. చప్పుడు చేయదగిన వస్తువు కనబడగానే, చప్పుడునకు కారణము అదియే యని నిశ్చయించుకొంటిమి. ఆ కడ్డీ చప్పుడు చేయునదియైనచో గతుకులయందు మాత్రమే చేయవలెను; నున్నని దారిమీద తాళము వేసినట్లు కొట్టుటకు దానికి కారణము లేదు. ఆ మాటనే అత్తగారు ముందుగా చెప్పియుండిరి. మేము వినియు వినలేదు.

చప్పుడును ప్రశ్నించుట

రెండవమారు రహదారిని విడిచి, ఒక పల్లెకు పోవు ఖాళీ బాటలోనికి మఱలితిమి. ఇక ఊహలు కట్టిపెట్టి, వైద్యుడు రోగిని అడిగినట్లు చప్పుడును వరుసగా ప్రశ్నింపవలెనని నిశ్చయించితిమి.

మొదటి ప్రశ్న: ఇది యింజనుదా, చక్రముదా? కారును నిలిపి యింజనును మాత్రమే నడిపించి దాని వడిని పెంచితిమి. చప్పుడు లేదు. పిమ్మట మెల్లగా పోవుచు గేరును తటస్థస్థానమున నుంచితిమి. ఇంజను వడి తగ్గినను చప్పుడు తగ్గలేదు. కావున ఇది యింజనుది గాదు.

రెండవ ప్రశ్న: ఇది చక్రముతో తిరుగుచున్నదా, గతుకులతో కుదుపబడుచున్నదా? దీనిని లెక్కతో తేల్చవచ్చును. మా కారు టైరుమీద 175/65 ఆర్ 14 అని యుండును. మొదటి సంఖ్య టైరు వెడల్పు, 175 మిల్లీమీటర్లు. రెండవది ప్రక్కగోడ యెత్తు. అది వెడల్పులో నూటికి 65 వంతులు. కడపటిది లోపలి లోహచక్రపు అడ్డుకొలత, 14 అంగుళములు. ఈ కొలతలనుబట్టి చక్రము ఒక చుట్టు తిరిగినచో కారు సుమారు 1.83 మీటర్లు ముందుకు పోవును. అనగా గంటకు 10 కిలోమీటర్ల వేగమున చక్రము పది సెకనులలో 15 మారులు తిరుగును. 20 కిలోమీటర్ల వేగమున 30 మారులు తిరుగును. 60 కిలోమీటర్ల వేగమున సెకనునకు తొమ్మిది మారులు తిరుగును గనుక దానిని చెవి లెక్కింపజాలదు. అందుచేత ఇట్టి చప్పుడును మెల్లగా పోవుచునే లెక్కింపవలెను.

మేము పది కిలోమీటర్ల వేగమున పోవుచుండగా అమ్మాయి గడియారము చూచుచుండెను. అత్తగారు జపమాల త్రిప్పినట్లు వ్రేళ్ళమీద లెక్కించిరి. పది సెకనులకు పదునైదు దెబ్బలు. చక్రము ఒక్కొక్క చుట్టునకు ఒక్కొక్క దెబ్బ. ఇక సందేహము లేదు. కారణము చక్రముతోగాని, చక్రముతోబాటు తిరుగు వస్తువుతోగాని యున్నది.

మూడవ ప్రశ్న: చక్రమునొద్ద ఏమేమి కలవు? నేటి చిన్నకారులలో పెక్కింటికి ఇంజను ముందు చక్రములనే త్రిప్పును. వెనుక చక్రములు ఊరక వెంట దొర్లును. కావున అచ్చట వెదకవలసినవి కొన్నియే: టైరు, లోహచక్రము, దానిని పట్టియుంచు నట్లు, నడుమ బేరింగు, బ్రేకుడ్రమ్ము. వీనిలో మన కంటికి కనబడునవి ముందు, కనబడనివి తరువాత చూడవలెను.

టైరును చూడగా గాళ్ళ నడుమ శనగగింజ యంత గులకరాయి యొకటి గట్టిగా ఇఱుకుకొని యుండెను. మరల దొంగ దొరకినాడనుకొంటిమి. దానిని పెరికివైచి నాలుగు గజములు నడిపి చూడగా చప్పుడు సగము తగ్గెను. "టిక్కు" పోయినది, "టక్కు" మిగిలినది. రెండు చప్పుళ్ళు ఒకదానిలో ఒకటి దాగియుండెనని అప్పుడు తెలిసినది. మిగిలిన చప్పుడు బరువైనది. బండి కదలునప్పుడును, బ్రేకు త్రొక్కునప్పుడును, మలుపులయందును దాని స్వరము మారుచుండెను.

"వెళ్ళిపోదామమ్మా, ముహూర్తం దాటిపోతుంది" అని అమ్మాయి తొందరించెను. నిజము చెప్పవలెనన్న మాకును వెళ్ళిపోవలెననియే యుండెను. చప్పుడు సగము తగ్గినది గదా! అత్తగారు మాత్రము కదలలేదు. "సగం తగ్గినది తగ్గినట్టు కాదు. ఆ మూత తీసి చూడు" అనిరి.

మూత క్రింద

మా కారు చక్రములకు అందమునకై పైన ప్లాస్టిక్కు మూతలు కలవు. ఆ మూత నట్లను కప్పివేయును. మూత నూడదీసి చూచితిమి. నాలుగు నట్లలో ఒకటి మా వ్రేళ్ళతోడనే తిరిగెను. రెండవది స్పానరు తగిలించగానే కదలెను. మిగిలిన రెండును అరచుట్టు చొప్పున వదులై యుండెను. వదులైన నట్టు చుట్టును లోహము ఒరసికొని వెండివలె మెఱయుచుండెను; దానినుండి తుప్పు రంగు చార యొకటి క్రిందికి జాఱియుండెను.

మా చేతులు చల్లబడెను. ఆ చక్రముపైననే అత్తగారు కూర్చుండిరి. ఆమెనానుకొని పిల్లవాడు నిద్రించుచుండెను. రహదారిమీద మేము 80 కిలోమీటర్ల వేగమున వచ్చితిమి. మఱికొంతదూరము అదే వేగమున పోయియున్నచో ఆ చక్రము ఊడిపోయి యుండెడిది. ఎడ్లబండి ఇరుసునుండి చక్రము జాఱిపోకుండ పట్టియుంచునది కడచీల. మోటారుకారునకు ఆ పని చేయునవి యీ నట్లే. అత్తగారు కారు నడిపి యెఱుగరు. అయినను మొదటి మాటలోనే జబ్బు పేరు చెప్పియుండిరి.

చేతి బ్రేకు వేసి, చక్రములకు రాళ్ళు అడ్డుపెట్టి, నట్లను ఎదురెదురుగా బిగించితిమి. ఒకటి బిగించిన పిమ్మట దాని ప్రక్కది గాక ఎదుటిది బిగింపవలెను. లేనిచో చక్రము వంకరగా కూర్చుండును. ఇది తాత్కాలిక చికిత్సయే. అచ్చటినుండి 20 కిలోమీటర్ల వేగమున, నడుమ రెండుమారులు ఆగి నట్లను తాకి చూచుకొనుచు, దాపుననున్న మరమ్మతు దుకాణమునకు చేరితిమి.

మేస్త్రీ చక్రము నూడదీసి, ఒక బోల్టు మరలు అరిగిపోయినవని చూపెను. లోహచక్రపు రంధ్రములు గుండ్రముగనే యుండుట మా అదృష్టము; అవి సాగి కోలగా నైనచో ఆ చక్రమును పారవేయవలసినదే. డ్రమ్మునకును చక్రమునకును నడుమ తుప్పు పేరుకొని యుండగా, దానిని గోకకయే చక్రమును తగిలించియుండిరి. మొదట బిగువుగానే తోచినను, నడిచిన కొలది ఆ తుప్పు నలిగి పొడియై నట్లకు వదులు వచ్చును. మేస్త్రీ తీగెల బ్రష్షుతో ఆ చోటును శుభ్రముచేసి, క్రొత్త బోల్టు వేసి, చక్రము నేలను తాకిన పిమ్మట బిగువును కొలుచు స్పానరుతో తుదిబిగింపు బిగించెను.

"అమ్మగారూ! చక్రం ఊడదీసి తగిలించినప్పుడల్లా యాభై నుంచి వంద కిలోమీటర్లలోపు ఒకసారి మళ్ళీ బిగింపు చూపించుకోవాలండి" అని అతడు చెప్పెను. ఈ మాట టైర్లు మార్చినచోట మాకెవరును చెప్పలేదు, మేమును అడుగలేదు. ఆనాటి మధ్యాహ్నము వ్రతము చేసికొని, చీకటి పడకమునుపే ఇల్లు చేరితిమి.

ఏ చప్పుడు దేనిది?

ప్రతి చప్పుడును నట్లదే కాదు. ఆ మేస్త్రీని అడిగియు, పిమ్మట చదివియు తెలిసికొన్న గుర్తులను ఇచ్చట వ్రాయుచున్నాము.

చక్రపు మూత లోపల గులకరాయి పడినచో మెల్లగా పోవునప్పుడు గలగలలాడి, వేగము హెచ్చగానే మౌనము వహించును. వేగమున ఆ రాయి అంచునకు ఒత్తుకొని కదలకుండుటయే దీనికి కారణము. ఇది భయపడదగినది గాదు.

టైరు లోపలి పొరలు విడిపోయినచో పైన ఉబ్బు కనబడును. మెత్తని "దబ్, దబ్" శబ్దముతో సీటు క్రింద కుదుపు తెలియును. ఇట్టి టైరు ఎప్పుడైనను పగులవచ్చును గనుక వెంటనే మార్పవలెను. బండి పెక్కు దినములు కదలక నిలిచియున్నప్పుడు మాత్రము టైరు అడుగు చదునై, మొదట కొంతదూరము దబదబలాడి, వేడెక్కిన పిమ్మట సరియగును. టైరు ప్రక్కగోడమీద నాలుగంకెల గుర్తు చూడుడు. 2319 అని యున్నచో అది 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని అర్థము. గాళ్ళ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గినచో ఆ టైరు పనికిరాదు.

బేరింగు చెడినచో సాధారణముగా కొట్టుకొనదు. తుమ్మెదవలె, పిమ్మట తిరుగలివలె రొద చేయును. ఎడమ చక్రపు బేరింగైనచో కుడివైపు మఱలునప్పుడు బరువు ఎడమవైపునకు ఒరగుటచే రొద హెచ్చును.

గతుకులయందు మాత్రమే "టక్కు" మన్నచో షాక్ అబ్సార్బరును, దాని రబ్బరు బుష్షులను అనుమానింపవలెను. సైలెన్సరు గొట్టమును వ్రేలాడగట్టు రబ్బరులు తెగినను ఇట్లే యుండును. గతుకులయందు కొట్టుకొని, సామాను దింపగానే చప్పుడు మానినచో అది డిక్కీలోనిదే.

బ్రేకు త్రొక్కగానే చప్పుడు పుట్టినను, త్రొక్కగానే మానినను డ్రమ్ము లోపల చూడవలెను. బ్రేకుషూలను వెనుకకు లాగు స్ప్రింగు తెగుట, దుమ్ము రాళ్ళు చేరుట అందు సాధారణములు. ఇవి మన చేతిపని గాదు.

మేస్త్రీతో మాటలాడుట

"ఏదో చప్పుడు వచ్చుచున్నది" అన్నచో మేస్త్రీ వీధి చివరవరకు నడిపి చూచి, ఏమియు లేదనును. అతని తప్పు గాదు. చప్పుళ్ళు వైద్యుని యెదుట తగ్గు జ్వరముల వంటివి. చీటీమీద ఈ సంగతులు వ్రాసికొని పొండు: ఏ వైపున, ఏ వేగమున, నున్నని దారిమీదనా గతుకులయందా, మలుపులలో ఏ దిక్కునకు, బ్రేకు త్రొక్కిన నేమగును, ఇటీవల బండికి ఏ పని చేయించితిరి. ఈ కడపటి ప్రశ్నయే మా విషయమున తాళపుచెవి. చప్పుడు మొదలగుటకు ముందు ఎవరు ఏ భాగమును తాకిరో అచ్చటనే మొదట వెదకవలెను. పిమ్మట అతనిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని మీరే నడిపి వినిపింపుడు.

జాగ్రత్తలు కొన్ని. వెనుక చక్రము వదులైనచో కుదుపు సీటులో తెలియును. ముందు చక్రమైనచో స్టీరింగులో తెలియును. కుదుపును చప్పుడును కలసి హెచ్చుచున్నచో ఇంటివరకు పోదమని సాహసింపక, నెమ్మదిగా దారి ప్రక్కకు తీసి ఆపుడు. హెచ్చరిక దీపములు వెలిగించి, పిల్లలను పెద్దలను దించి దారికి దూరముగా నిలుపుడు. జాకీమీద నున్న కారు క్రిందికి ఎన్నడును దూరరాదు. చాలదూరము నడిచిన డ్రమ్మును తాకరాదు, చేయి కాలును. జాతీయ రహదారులపై సహాయమునకు 1033 అను సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును.

ఒక పూర్వకథ

ఇది స్త్రీలకు తగని విద్య యనువారికి ఒక చరిత్ర చెప్పుచున్నాము. 1888వ సంవత్సరము ఆగస్టుమాసమున జర్మనీదేశములో బెర్తా బెంజ్ అను గృహిణి, తన భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన మూడు చక్రముల మోటారుబండిలో, ఇద్దరు కుమారులతో మాన్‌హైమ్ పట్టణమునుండి ప్ఫోర్ట్స్‌హైమ్‌లోని తల్లిగారింటికి బయలుదేరెను. దారి సుమారు 100 కిలోమీటర్లు. అంతటి దూరము మోటారుబండిలో పోయినవారు అంతవరకు లేరు. ఇంధనపు గొట్టము పూడుకొనగా ఆమె తన టోపీసూదితో దానిని శుభ్రపఱచెను. ఇంధనము తరుగగా వీస్లోఖ్ పట్టణమున మందుల దుకాణములో కొనెను. బ్రేకు దిమ్మెలు అరుగగా చెప్పులు కుట్టువానిచేత వానికి తోలు వేయించెను. మోటారుబండి బ్రేకులకు తొడుగు వేయుట ఆమె చేసిన యా యాలోచనతోడనే మొదలైనదని చెప్పుదురు.

మేము బెర్తా బెంజ్‌వంటి వారము గాము. మా వద్ద నుండినవి ఒక స్పానరు, ఒక గడియారము, అత్తగారి చెవి. ఇప్పుడు నెలకొకమారు, దూరప్రయాణమునకు ముందొకమారు చక్రముల మూతలు తీసి నట్లను చూచుట మా యింట నియమమైనది. స్పానరు అమ్మాయి పట్టును. అత్తగారు అరుగుమీద కూర్చుండి, "నాలుగూ చూశావా? ఎదురెదురుగా చూశావా?" అని అడుగుచుందురు. నాలుగును చూచినవని చెప్పువరకు ఆమె కారెక్కరు.